ఆరువందల వాట్ల లొల్లి

దబీర్‌పురా,
6 మార్చి 2024

తమ్ముడు అమరనాథ్‌కు,

నీ ఇంజను వచ్చింది. వచ్చి సరిగ్గా నా కిటికీ కింద నిలబడింది. ఇంత పెద్ద ఊళ్ళో ఇన్ని పట్టాలుండగా, నీ అద్భుతాన్ని నిలబెట్టడానికి మీ రైల్వేవాళ్ళకు దబీర్‌పురా స్టేషను వెనక, నా మంచానికి ఎదురుగా ఉన్న సైడింగే దొరికింది. నువ్వే అడిగి ఇక్కడ పెట్టించావని నా అనుమానం. అక్క కళ్ళారా చూసి మురిసిపోతుందనుకున్నావేమో. మురవాలంటే ముందు నిద్ర పట్టాలి కదా.

ఫోన్లు చేయకు. ఈ గురగురలో నువ్వు చెప్పేదాంట్లో సగం వినబడదు, మిగతా సగం నువ్వు మింగేస్తావు. నోటితో అయితే నసుగుతావు, కాగితం మీదైతే తప్పించుకోలేవు. ఉత్తరం రాయి. పోస్టాఫీసును ఇంకా మూసేయలేదు.

కిందికి దిగి డ్రైవరును అడిగాను. డానియేలు అని, యాభై దాటినవాడు. “దీన్ని బంద్ చెయ్యరా?” అంటే, “ఏం జేస్తం అమ్మా, కరెంటు తీగలు తెగితే మరమ్మతు బండిని గుంజనీకి ఇదొక్కటే ఉన్నది. బంద్ చేస్తే మళ్ల చాలూ అయితదో కాదో అని సాబ్‌లకు ఫికర్. గందుకే నడుస్తనే ఉంటది” అన్నాడు. అంటే, ఎక్కడికీ వెళ్ళని ఇంజను, ఎప్పుడో తెగబోయే తీగ కోసం పగలూ రాత్రీ డీజిల్ తాగుతూ నిలబడి ఉంటుంది. దాని పొగగొట్టానికి నువ్వొక పెట్టె తగిలించి, వృథాగా పోయే వేడిలోంచి కరెంటు పిండుతానంటున్నావు. ఇంజనే ఆపేస్తే ఎంత మిగులుతుందో నీకు గానీ, నీ సాహెబులకు గానీ తట్టలేదు. ఇలాంటి తెలివికి మీరు కమిటీ అని పేరు పెట్టుకుంటారు.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, కిటికీలోంచి ఇది చూడాల్సి వచ్చింది. నాన్న ఇత్తడి సామాన్ల దుకాణంలో కూర్చోమంటే కూర్చోలేదు. డిప్లొమా చదివి డీజిల్ షెడ్డులో చేరావు. దుకాణంలో కూర్చుని ఉంటే కనీసం బిందెలకు సొట్టలు తీయడమైనా వచ్చేది.

మా మరదలు యశోదకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మలక్‌పేటలో మంచి డాక్టరున్నాడు, నా దగ్గరికి పంపు. నీ మాట విని షెడ్డు డాక్టరు దగ్గరికే పోతూంటే ఆ పిల్ల ఇక లేచి నడవదు.

నిద్ర కరువైన,
అక్క

*

షెడ్డు క్వార్టర్స్,
15 మార్చి 2024

అక్కకు నమస్కారాలు.

ఇంజను ఎక్కడ నిలబెట్టాలో నన్నెవరూ అడగలేదు. ట్రయల్‌కు ఒక ఇంజను ఇవ్వండి మహాప్రభో అంటే ఇవ్వడానికే నాలుగేళ్ళు పట్టింది. దాన్ని ఆపమని చెప్పే అధికారం కూడా నాకు లేదు. వాళ్ళు ఎలాగూ ఆపరు, వేడి ఎలాగూ పోతుంది. పోయేదాంట్లోంచి కొంచెం పట్టుకుంటానంటే నీకు నవ్వుగా ఉంది.

నవ్వు. కానీ మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ కేబిన్‌లోకి ఎక్కి కూర్చుని నవ్వు. నాలుగు వైపులా ఇనుము, వెనక ఇంజను, నెత్తిన ఎండ. ఉన్న ఫ్యాను ఆ సెగనే మొహం మీదికి కొడుతుంది. డానియేలు లాంటివాళ్ళు అందులో డ్యూటీ అంతా కూర్చుంటారు. నా పెట్టెలో ఉన్నవి చిన్న చిన్న పలకలు. వాటికి ఒక పక్క పొగగొట్టం వేడి తగులుతుంది, రెండో పక్కను బయటి రెక్కలు చల్లబరుస్తాయి. ఈ వేడికీ ఆ చల్లదనానికీ తేడా ఎంతుంటే అంత కరెంటు. నీకు చెప్పేవాణ్ణా నేను? ఐదువందల వాట్లు వస్తే చాలు, లారీల్లో పెట్టే చిన్న ఏసీ ఒకటి నడుస్తుంది. చుక్క డీజిల్ అదనంగా కాలదు.

మా సాహెబు దానికి హమామ్ అని పేరు పెట్టాడు. ఎవరొచ్చినా “ఆవో భాయ్, అమరనాథ్ సాబ్ హమామ్ చూపిస్త” అని తీసుకొచ్చి దాని డ్రాయింగు ముందు నిలబెడతాడు. వేన్నీళ్ళు కాగాయా అని వాళ్ళు అడుగుతారు, అందరూ నవ్వుతారు. ఆ సాహెబు సొంతంగా తయారుచేసిన వస్తువు ఈ షెడ్డులో ఒక్కటి చూపించమను, ఉద్యోగం వదిలి వచ్చేస్తాను.

మేలో కమిటీ కూర్చుంటుంది. ఐదువందలు దాటితే ఇలా నిలబడి ఉండే డీజిల్ ఇంజన్లన్నిటికీ నా పెట్టె పెడతారు. దాటకపోతే పాత ఇనుములోకి పోతుంది. జూన్ ఆఖరుకు నేను రిటైర్. అక్కా, ఈ సర్వీసంతా ఎవరో చేసినవాటిని నేను బాగుచేశాను. నేను చేసింది ఇదొక్కటే. తయారుచేసినవాడు ట్రయల్ దగ్గర ఉండకూడదని రూలు పెట్టారు, అందుకే హైదరాబాదు రాకుండా ఇక్కడే పడి ఉన్నాను. డానియేలు రోజూ మీటరు ఫోటో తీసి పంపుతాడు, అది చూసి రాసుకుంటాను.

నువ్వు మాత్రం దాని జోలికి పోకు. కిటికీలోంచి చూడు, చాలు. యశోద నీ దగ్గరికి రాదట. మోకాళ్ళ నొప్పి భరించగలదట.

నీ వెక్కిరింపులు తిని పెరిగిన,
అమరనాథ్

*

దబీర్‌పురా,
3 ఏప్రిల్ 2024

హమామ్ సాహెబుకు,

యశోద అన్న మాట నువ్వు కల్పించినదని నాకు తెలుసు. ఆ పిల్లకు అంత చమత్కారం లేదు.

ఇక్కడ రంజాన్ సందడి. సాయంత్రమైతే వీధి మొగలో హలీం కోసం జనం. ఆ ఇరుకులోంచి వెళ్ళి నీ పెట్టెను దగ్గర నుంచి చూసొచ్చాను. కిటికీలోంచి చూడమని నువ్వంటే నేను చూడాలా? ఇంజను పక్కన నడవడానికి ఉన్న మెట్టు ఎక్కాను. డానియేలు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

నీ మహా పరికరానికి వాళ్ళు చేస్తున్న మర్యాద చెబుతాను విను. దాన్ని బిగించిన కొక్కేనికి ఒక కాన్వాసు నీళ్ళ సంచి వేలాడుతోంది. పాతది, మాసిపోయి నాచు రంగుకు తిరిగింది, అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. దాని కింద, నువ్వు అంత గొప్పగా చెప్పే రెక్కల మీద, ఒక గోనెపట్టా పరిచి ఉంది. అదీ తడిసి ముద్ద. “ఏందిది?” అంటే, “మా బాపు కూడ డ్రైవరే అమ్మా, గాయన సంచి ఇది. దీంట్ల నీళ్లు మస్తు సల్లగుంటయి. సెగ తగిలితే సంచి ఖరాబైతదని పట్టా ఏసిన” అన్నాడు. పాలవాడి సైకిలు కూడా ఇంతకంటే శుభ్రంగా ఉంటుంది. నువ్వు జోలికి పోవద్దన్నావు కాబట్టి తీసి పారేయలేదు.

ఇలాంటి చోట, ఇలాంటి మనుషుల మధ్య, పొగలోంచి కరెంటు. ఎంత వస్తోందో అంకెలు పంపు. నీ పలకల కంపెనీవాళ్ళు ఇచ్చిన వివరాలు కూడా పంపు. పొగ ఎలాగూ పీలుస్తున్నాను, లెక్కైనా చూస్తాను.

ఉతికిన చీరలు మళ్ళీ ఉతుక్కుంటున్న,
అక్క

*

షెడ్డు క్వార్టర్స్,
19 ఏప్రిల్ 2024

అక్కా,

నమస్కారం తర్వాత పెడతాను, ముందు అంకె చదువు. ఆరువందల వాట్లు. ఐదువందలు వస్తే గొప్ప అనుకున్నదానికి ఆరువందలు, అదీ ఒక్కరోజు కాదు, మూడు వారాలుగా. మధ్యాహ్నం ఎండలో కూడా తగ్గడం లేదు. మా సాహెబు కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు నుంచి హమామ్ మాట లేదు. ఎదురుపడితే పైకప్పు చూస్తూ పోతున్నాడు.

ఎందుకొచ్చాయో చెబుతాను. రెక్కల వంపు. అందరూ నిటారుగా పెట్టే రెక్కలను నేను కొంచెం వంచాను, వేడిగాలి దానంతట అదే పైకి పోయేలాగ. గాలి ఆడని చోట కూడా చల్లబడుతున్నాయి. ఆ వంపు కోసం షెడ్డులో ఎన్ని రేకులు పాడుచేశానో, ఎన్ని తిట్లు తిన్నానో నాకు తెలుసు. డిప్లొమా అన్నావు కదా. బోర్డు మీద సుద్దముక్కతో గీసిన ఇంజను ఎప్పుడూ వేడెక్కదు అక్కా. అందుకే లెక్చరర్లకు ఇలాంటివి తట్టవు.

డానియేలు నీళ్ళ సంచి మీద అరపేజీ రాశావు. వేలాడదీసుకోనీ పాపం. దానికి ఇంజను వంగిపోదు.

నువ్వు అడిగిన వివరాలన్నీ దీంతో పంపుతున్నాను. తీరికగా లెక్క వేసుకో. వేశాక ఒక్క మంచి మాట రాయి. పొడుగ్గా అక్కర్లేదు.

వేయి అడుగుల ఎత్తున ఉన్న,
అమరనాథ్

*

దబీర్‌పురా,
30 ఏప్రిల్ 2024

అమరనాథ్‌కు,

లెక్క వేశాను. ఒకసారి వేసి, నమ్మక, మళ్ళీ వేశాను. కిందికి దిగు, అంత ఎత్తు నీకు మంచిది కాదు.

పలకల వివరాలు నువ్వే పంపావు. పొగగొట్టం ఎంత వేడెక్కుతుందో నువ్వే రాశావు. రెండో పక్క సంగతి చూద్దాం. ఏప్రిల్ ఎండ, కదలని ఇంజను, ఆకు కూడా కదలని గాలి. నీ రెక్కలను వంచినా, మెలితిప్పినా, వాటికి నగలు చేయించి పెట్టినా, అవి ఇంత చల్లబడవు. నాలుగువందల వాట్లు వస్తాయి. అదీ నీ మీద జాలితో పైకి సవరిస్తే. ఆరువందలు రావాలంటే రెక్కలు ఆ ఎండలో చలికాలపు తెల్లవారుజాములా ఉండాలి.

కాబట్టి మీటరైనా అబద్ధం చెబుతోంది, నువ్వైనా చెబుతున్నావు. మీటరుకు జూన్‌లో రిటైర్మెంటు లేదు. సాహెబు నోరు మూయించాలన్న కోరిక కూడా దానికి లేదు. ఇంతకంటే విడమరిచి రాయను.

కీర్తిప్రియ వచ్చింది. నా స్టూడెంటు, ఇప్పుడు రైల్వేలో పెద్ద ఆఫీసరు, నీ కమిటీలో కూడా ఉందట. చాంద్రాయణగుట్టలో ఇల్లు కట్టుకుంది, శ్రావణంలో గృహప్రవేశమని ఇప్పుడే పిలవడానికి వచ్చింది. ఫ్లైఓవరు నుంచి ఇల్లు కనిపిస్తుందట, అదొక గొప్ప. మాటల్లో “మేడం, మీ తమ్ముడి మిషన్ మస్తు పని చేస్తున్నదంట కద” అంది. నాకు ఒళ్ళు మండింది. “కాయితం మీద రాసింది చూసి నమ్మకు. మీరే పోయి కొలువుండ్రి. గన్ని వాట్లు రావు” అన్నాను. “గట్లంటే అబద్ధమా మేడం?” అని అడిగింది. “ఫిజిక్స్ ఒప్పుకోదు” అన్నాను. తమ్ముడివని నీకొక ఫిజిక్సు, ఊరికొక ఫిజిక్సు నా దగ్గర లేవు.

కమిటీ ముందు పట్టుబడకముందే అంకెలు సరిచేసుకో. నీ మంచికే చెబుతున్నాను.

సుద్దముక్క పట్టుకునే,
అక్క

*

షెడ్డు క్వార్టర్స్,
9 మే 2024

అక్కకు,

నేను అంకెలు దిద్దలేదు. ఫోటోలో ఏముంటే అది రాశాను. ఈ వాక్యం నీకు రాయాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది, నా కోసం కాదు, నీ కోసం.

అనుమానం వస్తే నన్ను అడగాలి. నీ కిటికీ కిందే ఇంజను ఉంది, దిగి మీటరు చూడాలి. నువ్వు ఆ రెండూ చేయలేదు. కమిటీలో కూర్చునే మనిషిని సోఫాలో కూర్చోబెట్టి, టీ పోసి, మా తమ్ముడి మాట నమ్మకు అన్నావు. మా సాహెబు అజ్ఞాని, వెక్కిరిస్తే తుడిచేసుకున్నాను. నువ్వు తెలివైనదానివి, అందుకే నీ మాటకు విలువిస్తారు, అందుకే అది నన్ను ముంచుతుంది.

కమిటీ ఇరవై ఒకటిన వచ్చి స్వయంగా కొలుస్తుందట. కొలవనీ. ఆ రోజు ఆరువందలు చూసి నీ స్టూడెంటు నీకు వచ్చి చెబుతుంది. అప్పటిదాకా నాకు రాయకు.

అమరనాథ్

*

దబీర్‌పురా,
23 మే 2024

అమరనాథ్‌కు,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. ఎవరైనా నీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

మొన్న వచ్చారు. ఐదుగురు మనుషులకు మూడు కార్లు. అందులో ఒకాయన ఇంజనుకు అంత దూరంలో గొడుగు కింద నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, వచ్చినంత సేపూ ఫోన్ చూసుకున్నాడు. డీజిల్ ఇంజను దగ్గరికి వచ్చి డీజిల్ వాసనకు వాంతి చేసుకునేవాళ్ళు మీకు ఇంజనీర్లు. పోనీలే. ఇంజను మాత్రం ఆ ఒక్కరోజు పెళ్ళికూతురిలా ఉంది. డానియేలూ వాళ్ళూ పొద్దున్నే వచ్చి, వేలాడే చెత్తంతా తీసేసి, కడిగి, తుడిచి పెట్టారు. నేను కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కీర్తిప్రియ స్వయంగా మీటరు చూసింది. పొద్దున నాలుగువందలు. మధ్యాహ్నం ఇంకా తక్కువ. తర్వాత పైకి వచ్చి మంచినీళ్ళు తాగి, “మీరు చెప్పినట్లే వచ్చింది మేడం” అంది. నేను లెక్క వేసిన కాగితం చూపించాను. వచ్చిన అంకెకూ నా అంకెకూ తేడా వేళ్ళ మీద లెక్కపెట్టేంత. “మీరు ఇంకా అట్లనే ఉన్నరు మేడం” అంది.

నాకు సంతోషంగా లేదని అబద్ధం చెప్పను. లెక్క సరిపోతే ఎవరికైనా సంతోషమే. కానీ నువ్వు ఇలా చేసి ఉండకూడదు. నాలుగువందలు వచ్చాయని ఉన్నమాట రాసుంటే, ఇంత చేశాడు పాపం అని నేనే అనేదాన్ని. దొంగ అంకెలతో ఏసీ నడవదు.

ఈ కోపం యశోద మీద చూపించకు, ఆమె తప్పేం లేదు.

అక్క

*

షెడ్డు క్వార్టర్స్,
31 మే 2024

సావిత్రి గారికి,

నోటీసు వచ్చింది. ట్రయల్ రీడింగులను తప్పుగా చూపి పైఅధికారులను మోసగించడానికి ప్రయత్నించానట. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వాలి. తేలేదాకా రిటైర్మెంటు సన్మానం లేదన్నారు. అందుకు బాధ లేదు, ఆ శాలువాలు నాకు ముందునుంచీ రోత. కానీ నేను షెడ్డులోకి వెళితే కుర్రాళ్ళు మాటలు ఆపేస్తున్నారు. సాహెబు మళ్ళీ హమామ్ అంటున్నాడు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు, అది ఇంకా బాధ.

నోటీసులో ఒక వాక్యం నీకు తెలియాలి. “సదరు ఉద్యోగి కుటుంబంలోని బాధ్యత గల సభ్యురాలు, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు కూడా ఈ అంకెలపై సందేహం వెలిబుచ్చినందున.” నీ పేరు రాయలేదు. నాకు ఉన్నది ఒక్కతే అక్క.

ఆరువందలు ఎలా వచ్చాయో, నాలుగువందలు ఎలా అయ్యాయో నాకు తెలియదు. రాత్రింబవళ్ళు ఆలోచించినా తెలియడం లేదు. తెలియదు అనే జవాబు రాసి ఇస్తాను. ఎవరు నమ్ముతారు? సొంత అక్కే నమ్మలేదు.

యశోద నీతో మాట్లాడనంది. ఈ మాట కల్పించింది కాదు.

అమరనాథ్

*

దబీర్‌పురా,
12 జూన్ 2024

అమరనాథ్‌కు,

గారు తీసేయి. కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం గదిలో ఉండలేకపోయాను. కూలరు నడుస్తోంది కానీ సెగ కొడుతోంది. చూస్తే గడ్డి ఎండిపోయి కరకరలాడుతోంది. రెండు బకెట్ల నీళ్ళు పోశాను. కాసేపటికి గాలి చల్లబడింది. అలా కిటికీలోంచి చూస్తే, కింద డానియేలు నీళ్ళ సంచిని మళ్ళీ కొక్కేనికి తగిలిస్తున్నాడు. గోనెపట్టా తడిపి రెక్కల మీద పరుస్తున్నాడు.

ఎలా దిగానో తెలియదు. చెప్పులు కూడా వేసుకోలేదు. “ఆ సంచి ఎప్పుడు తీసినవ్?” అని అరిచాను. “సాబ్‌లు వచ్చిన దినం అమ్మా. పొద్దుగాల్నే తీసేసినం. ఇంజను మీద ఏది ఏలాడినా మెమో ఇస్తరు” అన్నాడు. “మరి దినాం ఫోటో తీసేటప్పుడు?” “అప్పుడు ఉంటది కద. నా నీళ్లు నాకు కావాలె కద.”

మీటరు దగ్గర నన్ను నిలబెట్టమన్నాను. ఆరువందలకు దగ్గరగా ఉంది. సంచీ పట్టా తీయించాను. రెక్కలు ఆరుతున్న కొద్దీ అంకె దిగుతూ వచ్చింది. నాలుగువందల దగ్గర ఆగింది. మళ్ళీ వేయించాను. మళ్ళీ ఎక్కింది. తడి ఆరుతూ రెక్కల వేడిని లాగేస్తోంది, అంతే. ప్రతి ఇంట్లో కూలరు చేసే పని. నేను కూలరు ముందు కూర్చుని నీ లెక్క వేశాను, నాకు తట్టలేదు. డానియేలు బిత్తరపోయి, “నేనేమన్న గల్తీ చేసిన్నా అమ్మా?” అని అడిగాడు. “నువ్వు కాదు, నేను చేసిన. మా తమ్మున్ని దొంగ అన్న” అన్నాను.

మర్నాడు ఆటో కట్టించుకుని కీర్తిప్రియ ఆఫీసుకు వెళ్ళాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. క్లాసులో ఆ పిల్లను నేను అంతసేపు బయట నిలబెట్టి ఉంటాను, సరిపోయింది. నా మాట వినగానే, “మేడం, మీరే కద రావన్నరు?” అంది. “నేనన్నది తప్పు. మా తమ్ముడు అబద్ధమాడలె. మీటరు మీద ఉన్నది ఉన్నట్టు రాసిండు. నువ్వు వచ్చి చూడాలె. రాకపోతే మీ గృహప్రవేశంల నిలబడి అందరి ముంగట ఇదే చెప్త” అన్నాను.

వచ్చారు. ఈసారి రెండు కార్లే. సంచితో చూశారు, సంచి లేకుండా చూశారు. గొడుగాయన కూడా చూశాడు. చూసి అడిగిన మొదటి ప్రశ్న, “గోనెపట్టాకు డ్రాయింగ్ ఉన్నదా?” నేను విన్నది నిజమేనా అని మళ్ళీ అడిగాను. నిజమే. ఆమోదం పొందిన డ్రాయింగు లేని వస్తువు ఇంజను మీద ఉండకూడదట, కాబట్టి దాంతో వచ్చిన వాట్లు వాట్లు కావట. “అయితే రెక్కల మీద నీళ్లు పడేటట్టు సన్నపు గొట్టం పెట్టుండ్రి, గంతే కద!” అన్నాను. డీజిల్ ఇంజన్లే పోతున్నాయి, ఇప్పుడు గొట్టాలెందుకు అన్నాడు. అలాంటి మనిషికి చదువు చెప్పినవాళ్ళెవరో తెలిస్తే వెళ్ళి పలకరించి వద్దును.

నీ మీద నోటీసు వాపసు తీసుకుంటారు. కీర్తిప్రియ నా ముందే రాసి సంతకం పెట్టింది. పెట్టె మాత్రం తీసేస్తారు.

ఒక సంగతి. నా లెక్క పొడి రెక్కలకు, సరిగ్గా సరిపోయింది. నీ వంపు రెక్కలు కూడా మరీ పనికిమాలినవేం కావు. నువ్వు రెండో పక్క వేడి కూడా కొలిపించి ఉంటే ఈ లొల్లి ఉండేదే కాదు. నేను చెబుతూనే ఉన్నాను, వినవు.

కాలికి కంకర గుచ్చుకున్న,
అక్క

*

షెడ్డు క్వార్టర్స్,
21 జూన్ 2024

అక్కా,

నోటీసు పోయింది. మా సాహెబు పిలిచి, “భాయ్, మనసుల పెట్టుకోకు” అని బిస్కెట్ల ప్లేటు ముందుకు జరిపాడు. తినలేదు. పెట్టెను పాత ఇనుము కింద రాసిన కాగితం మీద నా చేతే సంతకం పెట్టించారు. డానియేలు ఫోన్ చేసి ఏడ్చాడు. ఆయన నీళ్ళు ఆయన తాగాడు, అందులో ఆయన తప్పేముంది. ఈ ఎండలకూ, వచ్చే ఏడు ఎండలకూ అదే ఇనప కేబిన్‌లో కూర్చుంటాడు. గొడుగాయన గొడుగు కింద ఉంటాడు.

నా వంపు రెక్కల గొప్ప అనుకున్నది గోనెపట్టా గొప్ప అని తెలిసి, ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. నువ్వు ఏప్రిల్‌లోనే రాశావు. సంచీ, కారే నీళ్ళూ, పట్టా, ఎందుకు వేశాడో కూడా. నీ ఉత్తరాల్లో వెక్కిరింపు తీసేసి చదవడం నాకు అలవాటు. దాంతో పాటు అది కూడా తీసేశాను. కాబట్టి నేను కూడా తెలివైనవాణ్ణేం కాదు.

కానీ పెట్టె పోయిందని నాకు నిద్ర పట్టకపోవడం లేదు. అది ఎలాగూ పోయేది, ఇవాళ కాకపోతే నాలుగేళ్ళకు. నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. నేను అబద్ధమాడలేదని కీర్తిప్రియకు చెప్పావు. తప్పు చేశానని డానియేలుకు చెప్పావు. వాళ్ళకు చెప్పానని నాకు రాశావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు చెప్పిన మాట ఒక్కటే ఉంది, రెండో పక్క కొలవలేదని.

దొంగ అంకెలు అని రాసింది నాకు. ఆ మాట ఇంకెవరికీ రాయలేదు.

ముప్పైన రిటైరవుతున్నాను. తర్వాత మేము హైదరాబాదు వస్తాం. మలక్‌పేటలో ఇల్లు చూసుకున్నాం. నీ ఇంటికి వస్తామో లేదో యశోద ఇంకా తేల్చలేదు. నేనూ తేల్చలేదు.

అమరనాథ్

*

దబీర్‌పురా,
28 జూన్ 2024

అమరనాథ్,

నువ్వు అబద్ధం చెప్పలేదు. చెప్పావని నిన్ను అన్నది నేను. అడగకుండా, చూడకుండా అన్నాను. నా తమ్ముడికి అంత తెలివి ఉండదని ముందే అనుకుని, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టాను. తప్పు చేశాను.

దీని కింద ఇంకో పేజీ రాశాను. అదంతా నన్ను నేను సమర్థించుకోవడమే. చించేశాను.

సావిత్రి